వెనుక నుంచి వచ్చిన చుట్టాలు

జూబ్లీహిల్స్ కొండల్లో రాళ్ళు పగలగొట్టినవాడి కొడుకు అదే కొండల్లో రాళ్ళు తయారుచేసి బతికాడంటే నమ్మబుద్ధి కాదు. షేక్‌పేట ఓదెలు బతుకు మాత్రం అచ్చంగా అదే. తండ్రి కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి, బంగళాలకు చోటు చేయడానికి గుండ్లకు మందు పెట్టి పేల్చి, సమ్మెటతో ముక్కలు చేశాడు. గుండ్లు పోయి బంగళాలొచ్చాయి, వాటి వెనకే స్టూడియోలొచ్చాయి. స్టూడియోలు వచ్చాక సినిమావాళ్ళకు గుండ్లు కావలసి వచ్చాయి, హీరో ఎక్కి పాడటానికీ, విలన్ కిందికి దొర్లటానికీ. అప్పుడు కొడుకు ప్లాస్టర్ కలిపి, కొబ్బరిపీచు వేసి, అచ్చుల్లో పోసి, తండ్రి పగలగొట్టిన గుండ్లనే మళ్ళీ చేసిపెట్టాడు. పదిమంది కదపలేని గుండును ఒక్కడు చంకన పెట్టుకుని పోయేవాడు. ఇది దేవుడి చమత్కారమో సర్కారు చమత్కారమో మీరే తేల్చుకోండి.

సినిమా భాషలో ఓదెలును మౌల్డర్ అనేవారు. రాజుగారి కోట, అమ్మవారి గుడి, జమీందారు మేడమెట్లు, పాతాళగుహ, ఏది కావాలంటే అది. ఆర్ట్ డైరెక్టర్ చలపతిరావు కాగితం మీద గీసిస్తే ఓదెలు ప్లాస్టర్‌లో పోసిచ్చేవాడు. చలపతిరావు బందరు మనిషి. పరిశ్రమతో పాటే మద్రాసు నుంచి మూటాముల్లె సర్దుకొచ్చి ఫిల్మ్‌నగర్‌లో దిగాడు. నోరు పెళుసు, మనసు మెత్తన. ఓదెలు చేతి పని చూసి తిట్టకుండా ఊరుకునేవాడు, అదే ఆయన మెచ్చుకోవడం.

ఈ పనిలో మొదట అడిగే ప్రశ్న ఒకటే: కెమెరా ఎటు? కెమెరా ఎటుంటే అటు బంగారు గోపురం, రెండో వైపు వెదురుబొంగులు, గోనెపట్టాలు, పాత సినిమాల తాలూకు ప్లైవుడ్ ముక్కలు. కనబడని వైపు చెయ్యి పెట్టినవాణ్ణి సినిమావాళ్ళు పనివాడనరు, తెలివితక్కువవాడంటారు. షూటింగ్ అయిన మర్నాడే పలుగులు పట్టుకుని మనుషులొస్తారు. అక్కడ ఇంకో సినిమాకు జైలో పెళ్ళిపందిరో లేవాలి కదా. అలా ఓదెలు కట్టిన కోటలన్నీ కూలాయి. మొదట్లో అతనికి దాని గురించి చింత లేదు. వండినవాడు అన్నం మిగల్లేదని ఏడుస్తాడా? ఆ చింత తెచ్చిపెట్టింది పెళ్ళాం కొమురమ్మ.

కొమురమ్మది బంగళాలు కట్టేచోట కూలిపని. తట్టలో రాయీ, ఇసకా, కలిపిన సిమెంటూ నెత్తిన మోసి మేస్త్రీకి అందించేది. ఆ కొండల్లో ఆమె తట్ట ఎక్కని మేడ తక్కువ. మొగుడితో కలిసి ఏ రోడ్డున పోతున్నా చెయ్యి ఊరుకునేది కాదు.

"గా గులాబిరంగు బంగ్ల ఉన్నది సూడు, దాని పునాదిరాయి నేనే మోసిన. గీ డాక్టరు ఇంటికి స్లాబు పోసిననాడు నాకు జరం, అయినా పోయిన. ఎట్ల నిలవడ్డదో సూడు. మరి నీ కోట ఏదయ్యా? ఒక్కటన్న సూపియ్యరాదు."

స్టూడియో గేటులోకి ఆడకూలీలను ఎవరు రానిస్తారు? పోనీ తెర మీద చూపిద్దామని ఓసారి సినిమాకు తీసుకుపోయాడు. రాజమందిరం స్తంభాలు, ఒక్కో స్తంభానికీ సింహాలు, ఎన్ని రోజులు చెక్కాడో. తెర మీదికొచ్చేసరికి హీరోయిన్ వాటి ముందు గిరగిరా తిరుగుతోంది. సింహాలు ఆమె మోచేతుల సందున మెరిసి మాయమయ్యాయి.

బయటికొచ్చాక కొమురమ్మ అంది. "గామె జర పక్కకు జరిగితే గద, నీ స్తంభం కనవడేది."

ఆటపట్టించడానికే అంది పాపం. ఓదెలు కూడా నవ్వాడు. కానీ ఆ మాట లోపల ఎక్కడో నాటుకుంది. తను చేసింది ఒక్కటంటే ఒక్కటి, నిలబడి ఉండగా కొమురమ్మకు చూపించాలి. ఆ తర్వాత కూలిపోయినా ఫికరు లేదు అనుకున్నాడు. మనిషికి ఇంతకంటే చిన్న కోరిక ఉంటుందా? చిన్న కోరికలే పీక్కుతింటాయి. పెద్దవి తీరవని ముందే తెలుసు గనక నిద్రపోనిస్తాయి.

ఎనభైల చివర్లో ఆ కోరికకు ఒక దారి దొరికింది.

ఊళ్ళూ ఊళ్ళూ చుట్టరికం కలుపుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. సోదరి నగరం అంటారు దాన్ని. మనవాళ్ళు అక్కడికి పోయి శాలువా కప్పివస్తారు, వాళ్ళు ఇక్కడికొచ్చి దండ వేయించుకుని పోతారు. ముందు సీట్లలో మేయర్లు, వెనక సీట్లలో వ్యాపారస్తులు. పెళ్ళిలో మంత్రాలు పురోహితుడివే అయినా అసలు మాటలు పెరట్లో జరిగినట్టు, ఇక్కడ ఉపన్యాసాలు మేయర్లవి, బేరాలు వ్యాపారస్తులవి. అలా మనకు కుదిరిన చెల్లెలు ఎక్కడో చల్లని దేశంలో, మంచుకొండల కింద సరస్సు పక్కన ఉన్న చిన్న పట్నం. దాని పేరు పలకాలంటే నాలుకకు శ్రమ. ఓదెలు దాన్ని చెల్లెలూరు అనేవాడు, మనమూ అలాగే అందాం. వాళ్ళు నీళ్ళ పంపులు అమ్ముతారు. మన దగ్గర కొనుక్కోవడానికి ముత్యాలున్నాయి, ద్రాక్షలున్నాయి, చూడటానికి సినిమా స్టూడియోలున్నాయి.

ఆ బృందం వచ్చే ఏర్పాట్లు సుబ్రహ్మణ్యం అనే అధికారి నెత్తిన పడ్డాయి. ఆడపిల్ల పెళ్ళి పెట్టుకున్న తండ్రిలా ఆయన అప్పటికే సగమయ్యాడు. స్టూడియోలకు పోయే దారిలో, జూబ్లీహిల్స్ మలుపు దగ్గర, అతిథుల కార్లు కిందనుంచి పోయేలా స్వాగత తోరణం కావాలన్నాడు. చలపతిరావు ఓదెలును పిలిచి నిలబెట్టాడు.

ఓదెలు అలవాటుకొద్దీ అడిగాడు. "కెమెరా ఎటుంటది సార్?"

"కెమెరా ఏంటయ్యా, ఇది సినిమా కాదు. కార్లు పంజాగుట్ట వైపు నుంచి వస్తాయి. వాళ్ళు చూసేది అటునుంచే," అన్నాడు సుబ్రహ్మణ్యం. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "గెస్టులకి నచ్చి, అగ్రిమెంట్ సంతకాలు సవ్యంగా అయిపోతే, ఇదే మోడల్‌తో రాతితో పర్మినెంట్‌గా కట్టించాలని పెద్దల ఆలోచన. అప్పుడు కూడా పని నీదే."

రాతితో అన్న మాట విన్నాక ఓదెలుకు మిగతావేవీ చెవికెక్కలేదు.

ఆ సాయంత్రం కొమురమ్మ రొట్టెలు చేస్తుంటే, ఓదెలు పొయ్యిలోంచి ఆరిన బొగ్గు తీసి నేలమీద కమాను గీశాడు. హైదరాబాదువాళ్ళకు తోరణం అంటే కమానే. ఒక స్తంభం మన పద్ధతిలో, మీనారు మాదిరి. రెండోది వాళ్ళ ఊరి గడియారం గోపురం. సుబ్రహ్మణ్యం దాని బొమ్మ ఇచ్చాడు. పైన రెండింటినీ కలుపుతూ పూలతీగ.

"చెల్లెలూరోళ్ళంటే ఆడిబిడ్డలే గద. ఆడిబిడ్డ ఇంటికొస్తే కాళ్ళకు నీళ్ళియ్యాలె, ఒడిబియ్యం పొయ్యాలె. మీరు కమాన్ కడ్తరా?" అంది కొమురమ్మ. బొగ్గు గీతలను కాసేపు చూసి మళ్ళీ అడిగింది. "మంచిగున్నది. ఎనుకకేముంటది?"

"ఎనుకకేముంటది, బొంగులుంటయి."

"ఇల్లన్నంక ఎనుకదిక్కు గూడ ఉంటదయ్యా."

"ఇది ఇల్లు గాదే. కండ్లు ఎటుదిక్కుంటే పని అటుదిక్కే."

"మరి షేక్‌పేటోళ్ళం మేమెట్ల సూడాలె? మేమొచ్చేదే ఎనుకనుంచి."

"నువ్వు జర సుట్టు తిరిగి ముందలికి రా. సద్ది తీస్కొని జల్దిన రా. నీకొకటి సూపియ్యాలె."

ఏం చూపిస్తాడో చెప్పలేదు. అది అతనికొక్కడికే తెలుసు. స్తంభాల పాదాల దగ్గర ఏనుగులూ నెమళ్ళూ వరసగా పెట్టమని చలపతిరావు గీసిచ్చాడు. మన స్తంభం కింద, ఒక ఏనుగు తీసేసి ఆ చోట ఓదెలు ఒక ఆడమనిషిని పెట్టాడు. నెత్తిన తట్ట, నడుముకు చెంగు బిగించి, ఒక కాలు ముందుకేసి పోతోంది. జానెడు బొమ్మ. ముక్కు సరిగ్గా రావడానికే ఒక పూట పట్టింది. చలపతిరావు వచ్చి చూశాడు, ఏనుగు ఎక్కడని అడగబోయి, బొమ్మ ముక్కు చూసి ఊరుకుని పోయాడు.

అతిథులొచ్చే రోజు తెల్లవారకముందే స్టూడియో నుంచి లారీలో ముక్కలు తెచ్చి మలుపు దగ్గర నిలబెట్టడం మొదలుపెట్టారు. అక్కడొక చిక్కొచ్చింది. కమాను వెనక ఊతబొంగులు పాతాలంటే గుంతలు కావాలి. రోడ్డేమో అతిథుల కోసమే కొత్తగా వేశారు, తారు ఇంకా వాసనొస్తోంది. గుంత తవ్వితే ఊరుకోమన్నారు. చేసేదిలేక బొంగుల మొదళ్ళ మీద ఇసకబస్తాలు వేశారు. స్టూడియో లోపలైతే అది చాలు, లోపల గాలుండదు. బయట మిరుగు, అంటే మృగశిర కార్తె. కొండల మీద వాన ముందు లేచే గాలి ఎలాంటిదో షేక్‌పేటలో పుట్టిన పిల్లలక్కూడా తెలుసు.

పదిగంటలకల్లా కమాను ధగధగలాడుతూ నిలబడింది. ముందువైపు బ్యాండువాళ్ళు, దండలు పట్టుకున్న పెద్దలు, వాళ్ళ మధ్య టై కట్టుకున్న సుబ్రహ్మణ్యం. రోడ్డున పోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి మరీ చూస్తున్నారు. ఓదెలు కాస్త దూరంగా నిలబడి, సొంత పని వంక పరాయివాడిలా చూసుకున్నాడు. అతనికి గర్వంగా ఉంది. అంతకుముందు ఎన్నడూ లేనంత గర్వంగా ఉంది.

అంతలో గాలి లేచింది. కమాను ఒకసారి ముందుకు ఊగి వెనక్కి వచ్చింది. ఓదెలు, వడ్రంగి హనుమంతు, వెంట ఉన్న పనివాళ్ళు వెనక్కి పరుగెత్తి తలా ఒక బొంగు పట్టుకున్నారు. గాలి తగ్గితే వదలొచ్చనుకున్నారు, అది తగ్గలేదు. దానికితోడు, ఒక పోలీసు చేతిలో వైర్లెస్ గరగరలాడింది. అతిథులు పొద్దున్నే లేచి, కార్యక్రమంలో లేకపోయినా సరదాపడి గోల్కొండ కోట చూడబోయారట. చూసి ఇటే వస్తున్నారు, షేక్‌పేట మీదుగా.

అంటే వెనక నుంచి.

సుబ్రహ్మణ్యం కమాను కిందనుంచి వెనక్కి వచ్చాడు. "ఓదెలూ, దీన్ని అటు తిప్పేయొచ్చా?"

"తిప్పితే పడ్తది సార్."

"ఏదైనా గుడ్డ కప్పేస్తే?"

"గాలికి తెరచాప అయితది సార్, ఇంకా జల్ది పడ్తది."

షేక్‌పేట వైపు పోలీసులు అప్పటికే రోడ్డు వారన తాడు కట్టి జనాన్ని ఆపేశారు. ఆ జనంలో కొమురమ్మ ఉంది. నెత్తిన సద్దిగంప, కంటికి ఎండ తగలకుండా అడ్డం పెట్టుకున్న చెయ్యి. చుట్టు తిరిగి ముందుకొద్దామని బయలుదేరిన మనిషి తాడు దగ్గరే నిలిచిపోయింది. అవతల బంగళాలవాళ్ళ గోడలు, ఇవతల గుండ్లు, ఎటూ దారిలేదు. ఓదెలు ఆమెను చూశాడు. సైగ చేద్దామంటే చెయ్యి ఖాళీ లేదు.

కార్లు వచ్చేశాయి. దిగిన అతిథులకు ఎదురుగా కనబడిందేమిటో చెప్పాలా? చిరిగిన గోనెపట్టాలు, కట్లూడిన బొంగులు, ఒక ప్లైవుడ్ ముక్క మీద ఏ సినిమాదో జైలు ఊచలు, ఇంకోదాని మీద సగం చందమామ. వాటిమధ్య, చెమటకూ ప్లాస్టర్ పొడికీ తెల్లబడిన మనుషులు బొంగులకు భుజాలు ఆనించి కిందికి అదుముతున్నారు. పెళ్ళివారిని ఎదుర్కోలు వేళ దొడ్డిదారిన తీసుకొచ్చి గిన్నెలు తోమేచోట దింపితే ఎలా ఉంటుందో అలా ఉంది.

సుబ్రహ్మణ్యం ఓదెలు దగ్గరికి పరుగెత్తాడు. "మీరు పక్కకి వచ్చేయండి, వాళ్ళ కంట పడకండి. రెండు నిమిషాలు అదే నిలబడుతుంది."

ఓదెలు కమాను సందులోంచి చూశాడు. అవతల బ్యాండువాళ్ళున్నారు, దండలు పట్టుకున్న పెద్దవాళ్ళున్నారు, కమాను ఒరిగితే వాళ్ళమీదే పడుతుంది. అతను ఆయుష్షులో ఏ ఆఫీసరు మాటా కాదన్నవాడు కాదు.

"ఇడిస్తే పడ్తది సార్. అవుతల మనుషులున్నరు. నేనిడువ."

అప్పుడే పెద్ద విసురొచ్చింది. ఒక బస్తా జారి, ఒక బొంగు నేల వదిలి లేచింది. వచ్చిన అతిథుల్లో పంపుల కంపెనీ పెద్దమనిషి ఒకడున్నాడు, పొడుగూ లావూ సమానంగా ఉన్నవాడు. అతను చేతిసంచీ కిందపడేసి గబగబా వచ్చి ఆ బొంగును పొట్టకు అదిమి పట్టుకున్నాడు. అతిథి పట్టుకున్నాక ఆతిథ్యమిచ్చేవాడు చేతులు కట్టుకు నిలబడగలడా? సుబ్రహ్మణ్యం కూడా కోటుతోనే వంగి, ఓదెలు పక్కన ఒక బొంగుకు భుజం ఆనించాడు. గాలికి ఆయన టై లేచి ఓదెలు ముఖం మీద పడింది. చెల్లెలూరి తెల్లజుట్టు మేయరమ్మ మొదట నిర్ఘాంతపోయి, తర్వాత గలగలా నవ్వి, బ్యాండువాళ్ళను దూరంగా జరపమని అవతలికి చేతులూపింది. వాళ్ళ ఫోటోగ్రాఫరు ఒక పక్కగా నిలబడి ఆగకుండా బొమ్మలు తీస్తూనే ఉన్నాడు.

జనం జరిగాక మేయరమ్మ కమాను కిందనుంచి నడిచిపోయి, ముందువైపు నుంచి ఒకసారి తలెత్తి చూసి, రెండు చేతులూ జోడించింది. ఎవరికి జోడించిందో ఓదెలుకు కనబడలేదు. కార్లు స్టూడియో వైపు వెళ్ళిపోయాయి.

వాన పడింది. మిరుగు వాన చినుకుతో మొదలుపెట్టదు, కుండతో కుమ్మరిస్తుంది. పనివాళ్ళు ఇక ఆగలేక పక్కకు తప్పుకున్నారు. కమాను మెల్లగా వంగి, ఎవరిమీదా పడకుండా, కొత్త రోడ్డు మీద బోర్లాపడింది. ముఖం కిందికి పడితే ఇంకేం మిగులుతుంది? పోలీసులు తాడు విప్పి కొమురమ్మను వదిలేసరికి తెల్లటి ముద్ద నీళ్ళతో కలిసి కాలవకు పోతోంది. ఓదెలు కూర్చుని, ఆ ముద్దలో చేతులు పెట్టి దేనికోసమో వెతుకుతున్నాడు.

"లే. బువ్వ సల్లారవట్టె," అంది కొమురమ్మ.

సంతకాలు హోటల్లో సవ్యంగానే అయ్యాయట. రాతి కమాను మాట మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అడగడానికి ఓదెలుకు నోరు రాలేదు. ఇంట్లో కూడా ఆ రోజు మాట వస్తే లేచి బయటికి పోయేవాడు. తాను చూపిస్తానన్నదేమిటి, ఆమె చూసిందేమిటి? చిరిగిన గోనెలు, జైలు ఊచలు. దానికంటే ఏమీ చూపించకపోయినా బాగుండేదని అతని బాధ. కొమురమ్మ ఆ తర్వాత ఏ బంగళానూ వేలు పెట్టి చూపించలేదు. నీ కోట ఏదని అడగలేదు. ఆమె వెక్కిరించడం మానేసిందన్నదే అతన్ని ఎక్కువ కోసింది.

చుట్టరికమన్నాక రాకపోకలుంటాయి. తొంభైల్లో చెల్లెలూరువాళ్ళు, మీ సినిమావాళ్ళు మా దగ్గరికొచ్చి పాటలు తీసుకోండి, అన్నీ మేం చూసుకుంటాం అని పిలిచారు. మనవాళ్ళు విమానాలెక్కారు. నిజం మంచుకొండ ఉంటే ప్లాస్టర్ కొండ ఎవడిక్కావాలి? హీరోయిన్ అక్కడి సరస్సు ఒడ్డున గిరగిరా తిరుగుతుంటే, ఇక్కడ స్టూడియో ఫ్లోర్‌లో ఓదెలు అచ్చులు దుమ్ము పట్టాయి. ఏ చుట్టాలకు కమాను కట్టాడో ఆ చుట్టాలే కూడు లాక్కున్నారు. అయినా అతను వాళ్ళను ఒక్క మాటా అనలేదు. వాళ్ళ పెద్దమనిషి ఆ రోజు బొంగు పట్టుకున్నాడు కదా అనేవాడు.

పొట్టకోసం ఇళ్ళ లోకప్పుల పనిలో చేరాడు. జూబ్లీహిల్స్ బంగళాల్లో పడకగదుల కప్పుకు ప్లాస్టర్ పూలు, లతలు వేయడం. అవి కూలేవి కావు, నిలిచే ఉంటాయి. కానీ పరాయివాళ్ళ పడకగదిలోకి పెళ్ళాన్ని తీసుకుపోయి, వెల్లకిలా పడుకుని చూడవే అని ఎవడనగలడు?

అలా ఏళ్ళు గడిచాక ఒక ఆదివారం చలపతిరావు షేక్‌పేట సందుల్లో దారి అడుక్కుంటూ ఓదెలు ఇంటికొచ్చాడు. జుట్టు తెల్లబడింది, నోరు మాత్రం అలాగే ఉంది. చేతిలో గుడ్డచుట్టిన పలకలాంటిదేదో ఉంది.

"ఇల్లా ఇది, పద్మవ్యూహమా? మంచినీళ్ళివ్వమ్మా కొమురమ్మా," అంటూ మంచం మీద కూలబడ్డాడు. ఈమధ్య నగరం తరఫున చెల్లెలూరికి పోయిన బృందంలో సినిమావాళ్ళనూ కలిపారట. ఆయనా పోయాడు. "వాళ్ళ మేయరాఫీసులో మెట్లెక్కగానే గోడకి ఇంత ఫోటో ఓదెలూ. నిలువెత్తు. చూసి నేను అక్కడే ఆగిపోయాను. తిట్టో బతిమాలో, వాళ్ళచేత కాపీ తీయించి ఫ్రేము కట్టించుకొచ్చాను. ఇదిగో."

గుడ్డ తీశాడు. ఓదెలు ఏది మరిచిపోవాలని ఇన్నేళ్ళు తంటాలుపడ్డాడో అదే అక్కడుంది. గోనెలు, బొంగులు, సగం చందమామ. కళ్ళు మూసుకుని పళ్ళు బిగించి బొంగును అదుముతున్న తనూ, టై ఎగిరిన సుబ్రహ్మణ్యం, బొంగును కౌగిలించుకున్న పంపులాయనా, హనుమంతూ.

"ముందలదిక్కు తియ్యలేదా సార్?" అన్నాడు ఓదెలు.

"తీశారట. బాగానే వచ్చిందట. దాన్ని ఆల్బంలో పెట్టుకున్నారు, గోడకి ఇది పెట్టుకున్నారు. ఎందుకని నేనూ అడిగాను. ముసలావిడ, అదే ఆ మేయరమ్మ, ఏమందో తెలుసా? అన్ని ఊళ్ళవాళ్ళూ మాకు ముందువైపే చూపిస్తారు, ఈ ఒక్క ఊరే అంతా చూపించింది అందట."

ఓదెలు తల వంచుకున్నాడు. ఇన్నాళ్ళూ కడుపులో ఉన్నది అప్పుడు బయటపడింది, చలపతిరావు ముందే, సిగ్గులేకుండా. "ముందల నిన్ను చేసిన కొమురీ. తట్ట నెత్తిన వెట్టుకొని పోతున్నట్టు. సార్‌కెరుక. గది నువ్వు సూడకముందే కరిగిపాయె. నువ్వు సూసిందంత గీ బొంగులే."

కొమురమ్మ కొంగుతో ఫోటో అద్దం తుడిచింది, తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"నన్ను నేను సూస్కునేదేముందయ్యా, దినాం అద్దంల సూస్కుంటనే ఉన్న. గా దినం నేను తాడుకాడ నిలవడి నిన్ను సూసిన. సార్లు ఇడువుమన్నా నువ్వు ఇడువకపోతివి. గంత బంగ్లలకు రాళ్ళు మోసిన గని, నా మొఖం గోడకు పెట్టుకున్నోడు ఎవడు లేడు. నీ మొఖం పెట్టుకున్నరు." మూల ఒకచోట వేలు పెట్టింది. తాడు వెనక, జనంలో, నెత్తిన గంపతో వేలిగోరంత మనిషి. "గిదో, నేను సుత ఉన్న."

ఓదెలు వంగి చూశాడు. ముక్కు తెలియడం లేదు గానీ నిలబడ్డ తీరు తెలుస్తోంది. గంప కింద నిటారు మెడ, చెంగు బిగించిన నడుము, అంతా తన బొమ్మలోలాగే ఉంది. చలపతిరావు వస్తానోయ్ అని లేచిపోయాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకోవడం ఇద్దరూ చూశారు.

ఫోటోను తలుపుకు ఎదురుగా, లోపలికొచ్చే ప్రతి మనిషికీ కనబడేటట్టు కొట్టమంది కొమురమ్మ. ఓదెలు మేకు కొట్టి చేతులు దులుపుకుంటూ గడప అవతలికి వచ్చాడు. అప్పటికే పక్కింటి బుచ్చమ్మ లోపల చేరింది.

"మీ ఆయన కమాన్ కట్టిండంటివి, ఏదే?" అంటోంది బుచ్చమ్మ. "నాకైతే ఒట్టి బొంగులే కనవడ్తున్నయి."

కొమురమ్మ ఫోటో దగ్గరికి పోయి, బొంగుకు ఆనించిన ఓదెలు భుజం మీద వేలు పెట్టడం అతనికి బయటినుంచి కనబడింది.

"గిదే," అంది. "ఇంకా నిలవడే ఉన్నది సూడు."